ఒక్కరోజులో బాలిని చూపించే మహానుభావుడికి

బాలి దీవిలో సొంత కారు, సొంత గైడుతో పొద్దుటి నుంచి రాత్రి దాకా తిప్పే ఒక్కరోజు టూరూ! నిన్ను పొగడటానికి లేనిపోనివి కల్పించాల్సిన పని లేదు. ఉన్నది ఉన్నట్టు చెబితే అదే నీ స్తుతి, అదే నీ మీద ఫిర్యాదు. మన దగ్గర దేవుణ్ణి నిలదీసింది పరాయివాళ్లు కాదు, ఆయన్ని నమ్ముకున్నవాళ్లే. రామదాసు తాను చేయించిన నగల సంగతి రాముడి మొహం మీదే అడిగాడు. నీ దగ్గర నాకూ ఆ చనువుంది. నువ్వు తిప్పే దీవి మీద ప్రేమే నా చేత ఈ మాటలనిపిస్తోంది.

ముందు నీ వేగానికి దండం. బాలి మన పాత శ్రీకాకుళం జిల్లా అంత ఉంటుంది. అందులో నలభై లక్షలకు పైగా జనం, వేల గుళ్లు, లోపల నిప్పు ఆరని కొండలు. తెల్లవారుజామున నాలుగింటికి కుటాలోనో సెమిన్యాక్‌లోనో హోటలు గుమ్మంలో బండి ఆపుతావు. చీకట్లోనే తూర్పు కొసకు తీసుకుపోయి లెంపుయాంగ్ గుడి, అక్కణ్ణుంచి తీర్థ గంగ, దారిలో ఒక జలపాతం, మధ్యాహ్నానికి తెగలలాంగ్ వరిమళ్లు, ఊయల, కాఫీ తోట. పొద్దుగూకేసరికి తిరుగు ప్రయాణం. ఇన్నిటిని ఒక్క పగట్లో ఇమడ్చడం మామూలు విద్య కాదు. ఏ చోటా కాళ్లు నొప్పెట్టేదాకా ఉంచవు. ఏ చోటా ఏదైనా అర్థమయ్యేదాకా కూడా ఉంచవు.

లెంపుయాంగ్ దగ్గర నీ ప్రజ్ఞ చూసి తీరాలి. నిలువునా రెండుగా చీల్చినట్టున్న రాతి ద్వారం, ఆ సందులోంచి మూడు వేల మీటర్లకు పైగా లేచిన ఆగుంగ్ అగ్నిపర్వతం, ద్వారం ముందు నిశ్చలంగా ఒక చెరువు, అందులో కొండా మనిషీ తలకిందులుగా. ఈ ఒక్క ఫొటో చూసి విమానం ఎక్కినవాళ్లు కోకొల్లలు. అక్కడ చెరువు లేదు. నీటి గుంట కూడా లేదు. ఉన్నది గచ్చు. ఫొటోలు తీసే కుర్రాడు మన సెల్‌ఫోను తీసుకుని, కెమెరా కన్ను కింద ఒక చిన్న అద్దం ముక్క ఆనిస్తాడు. అద్దాన్ని అటూ ఇటూ కాస్త వంచి, ఆకాశం అందులో పడేలా సర్దుతాడు. అంతే, గచ్చు నీరైపోతుంది. టోకెన్ నంబరు పిలుస్తారు. చేతులు చాచు, పక్కకు తిరుగు, ఎగురు. తర్వాతి నంబరు! రద్దీ రోజుల్లో ఈ కాస్త దానికి జనం గంటల తరబడి పడిగాపులు పడతారు.

ఆ కుర్రాడి చేతి నేర్పును మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. నా బాధ వేరు. అదే కొండ మీద సుమారు 1,700 మెట్లెక్కితే లెంపుయాంగ్ లుహుర్ గుడి ఉంది. దీవిని దిక్కుల నుంచి కాచే గుళ్లలో తూర్పు దిక్కు దానిదని బాలివాళ్ల నమ్మకం. ముసలివాళ్లు కూడా నైవేద్యాలు నెత్తిన పెట్టుకుని ఆ మెట్లు ఎక్కుతారు. నీ పట్టికలో ఆ మెట్ల ఊసే లేదు. తిరుమల దాకా వెళ్లి మహాద్వారం ముందు ఫొటో దిగి కొండ దిగి వచ్చినవాణ్ణి మన ఊళ్లలో ఏమంటారో, ఆ మాట ఇక్కడ మనకే వర్తిస్తుంది.

ఆ ఫొటోలో వెనక నీలంగా, బుద్ధిగా కనిపించే ఆగుంగ్ 1963లో పేలి వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. కారంగాసెం రాజు 1940లలో కట్టించుకున్న తీర్థ గంగ కొలనులు కూడా ఆ పేలుడుకే దెబ్బతిన్నాయి. తర్వాత మళ్లీ నిలబెట్టారు. నువ్వు ఆ కొలనులో రాళ్ల మీద నిలబెట్టి మాచేత చేపలకు మేత వేయిస్తావు. చేపలు నిజంగా చాలా బాగుంటాయి. గంగమ్మ పేరు ఇంత దూరం ఎలా వచ్చిందని అడుగుదామనుకునేలోపు కారు తలుపు తెరుచుకుని ఉంటుంది.

తెగలలాంగ్ వరిమళ్ల దగ్గర మాత్రం నిన్ను తొందరగా వదలను. కొండవాలున మెట్లు మెట్లుగా దిగే ఆ మళ్లను చూపించినందుకు నీకు ఎంత రుణపడ్డామో, అవి ఏమిటో చెప్పనందుకు నువ్వు మాకు అంత బాకీ. బాలి రైతులు నీటి కోసం సుబాక్ అనే సంఘాలుగా ఏర్పడి ఉంటారు. వెయ్యేళ్లకు పైబడిన ఏర్పాటు. ఎగువ మడివాడు దిగువ మడివాడికి నీరు వదలాలి. ఎవరు ఎప్పుడు నాట్లు వేయాలి, ఎప్పుడు మడి ఎండబెట్టాలి అన్నది నీటి గుళ్ల దగ్గర అందరూ కలిసి తేల్చుకుంటారు. లోయలో మళ్లన్నీ ఒకేసారి కోసి ఒకేసారి ఖాళీ పెడితే పురుగుకు తిండి దొరకదు, మందు కొట్టకుండానే తగ్గిపోతుంది. అలాగని అందరూ ఒకే వారం నీరు అడిగితే కాలువ చాలదు. ఈ రెంటి మధ్యా తూకం పట్టేది ఆ గుళ్ల పంచాంగమే. 1970లలో హరిత విప్లవం వచ్చి, ఎవరికి వారు వీలైనన్ని పంటలు వేసుకోండి అని చెప్పింది. నీటి వంతులు చెదిరిపోయాయి, తెగుళ్లు విరుచుకుపడ్డాయి. స్టీఫెన్ లాన్సింగ్ అనే మానవశాస్త్రవేత్త ఏళ్ల తరబడి పరిశోధించి, ఆ పాత పద్ధతిలో ఎంత లెక్క ఉందో లోకానికి చూపించాడు. 2012లో యునెస్కో సుబాక్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ జాబితాలో ఉన్నది జతిలువి లాంటి చోట్లు, తెగలలాంగ్ కాదు.

చెరువు కింద నీరటికాడు వంతులవారీగా తూము వదిలిన ఊళ్ల నుంచి వచ్చిన మనకి ఇదంతా ఐదు నిమిషాల్లో బుర్రకెక్కుతుంది. ఆ ఐదు నిమిషాలు నీ దగ్గర లేవు. నీ దగ్గర ఊయల ఉంది. లోయ మీదికి ఊగే ఊయల, గాలికి లేచే పొడవాటి తోక ఉన్న అద్దె గౌను, కింద నిలబడి అరుస్తూ ఫొటోలు తీసేవాళ్లు. కొత్తగా పెళ్లయిన మన హైదరాబాదు, విజయవాడ పిల్లలు ఆ గౌనులో ఎంత ముచ్చటగా ఉంటారో నాకు తెలుసు, వాళ్ల సరదాను కాదనను. కానీ ఆ ఊయల డబ్బులు మడి దున్నేవాడికి ఏమాత్రం చేరతాయి? గట్టు మీద నడుస్తుంటే దారికి అడ్డంగా ఒక చందా డబ్బా పెట్టుకుని కూర్చున్న రైతు కనిపిస్తాడు. చాలామంది విసుక్కుంటారు, ఇదేం వసూలని. తన పొలాన్ని లోకమంతా చూసి పోతుంటే, ఆ చూపుకు కాస్త ఖరీదు కట్టమని అడిగే దారి అతనికి అదొక్కటే.

ఈ మళ్లే ఏటికేడాది విల్లాలుగా, హోటళ్లుగా మారిపోతున్నాయి. 2025 సెప్టెంబరు వరదల్లో బాలిలో పదిమందికి పైగా చనిపోయినప్పుడు, నీరు ఇంకే నేల కట్టడాల కింద పడిపోవడం కూడా ఒక కారణమని అక్కడి పెద్దలే ఒప్పుకున్నారు. 2024లో అక్కడికి వచ్చిన విదేశీయులు 63 లక్షలు. ఆస్ట్రేలియావాళ్ల తర్వాత ఎక్కువమంది మనవాళ్లే. కాబట్టి ఈ మాట నేను ఎవరో పరాయివాళ్ల గురించి అనడం లేదు.

ఇక నీ చవకదనం. అంత దూరం, అంత సేపు, అంత పెద్ద కారు ఇంత తక్కువకు ఇవ్వడం నీకే చెల్లింది. ఆ తేడా ఎక్కడ పూడుతుందో కాఫీ తోటలో తెలుస్తుంది. అక్కడ చిన్న చిన్న కప్పుల్లో రకరకాల కాఫీలు, టీలు వరసగా పేర్చి ఉచితంగా రుచి చూపిస్తారు. ఎంతో ఆదరంగా మాట్లాడతారు. పక్కనే బోనులో లువాక్ ఉంటుంది. మన పునుగుపిల్లికి చుట్టమే. ఇది తిని విసర్జించిన గింజల్నే కడిగి, వేయించి కాఫీ చేస్తారు. రాత్రిపూట చెట్లెక్కి, మాగిన పండును వాసన పట్టి ఏరుకు తినే ఒంటరి జంతువు అది. పట్టపగలు మనం చూడాలి కాబట్టి ఇనపతీగల వెనక మేలుకుని ఉంటుంది. అడవిలో అయితే తాను ఎంచుకుని తినేది, ఇక్కడ పెట్టింది తింటుంది. బాలిలో 16 తోటల్లో ఈ జంతువులు ఎలా ఉన్నాయో చూసిన ఒక అధ్యయనం 2016లో అచ్చయింది. ఒక్క తోట కూడా కనీస ప్రమాణాలు అందుకోలేదు. తిరుమలలో శుక్రవారం అభిషేకం అయ్యాక శ్రీవారికి పునుగు తైలం పూస్తారని తెలిసిన జాతి మనది. ఆ బోను ముందు నిలబడి, కప్పుకు డబ్బు కట్టి, రుచి గురించి మాట్లాడుకుంటూ కారెక్కుతాం. మనం కొన్నదాంట్లో కొంత కమీషనుగా బండికి చేరుతుంది. నీ చవక బేరంలో మనం మిగుల్చుకున్న మొత్తం ఆ పిల్లి ఖాతాలో పడిందన్నమాట.

నీ మర్యాద గురించి కూడా చెప్పాలి. అతిథి మనసు నొచ్చే మాట నీ నోట రాదు. ఎక్కించుకునే హోటలుకు దగ్గర్లోనే డెన్పసార్ నడిబొడ్డున పుపుతాన్ మైదానం ఉంది. 1906 సెప్టెంబరు 20న బదుంగ్ రాజు, రాణివాసం, పిల్లలు, పరివారం తెల్లబట్టలు కట్టుకుని, చేతుల్లో కత్తులతో డచ్చివాళ్ల తుపాకులకు ఎదురు నడిచి ప్రాణాలిచ్చారు. లొంగడం కన్నా అదే మేలనుకున్నారు. రెండేళ్లకు క్లుంగ్‌కుంగ్‌లోనూ అదే జరిగింది. ఆ నెత్తుటి మరక మీదే డచ్చి ప్రభుత్వం బాలిని అందాల దీవిగా, చెక్కుచెదరని స్వర్గంగా ప్రచారం చేసింది. వాళ్ల ఓడల కంపెనీ 1920ల చివర అదే డెన్పసార్‌లో హోటలు కట్టింది, ఓడ దిగిన దొరలను కార్లలో తిప్పి మళ్లీ ఓడెక్కించింది. ఓ టూరూ, నీ పుట్టుక అక్కడిది. మళ్లీ 1965, 66లలో కమ్యూనిస్టులనే ముద్ర వేసి బాలిలో సుమారు 80 వేలమందిని చంపేశారని చరిత్రకారుల అంచనా. అప్పటి జనాభాలో నూటికి ఐదుగురు. చంపినవాళ్లూ చచ్చినవాళ్లూ చాలాచోట్ల ఒక ఊరివాళ్లే. నువ్వు ఈ రెండింటిలో ఒక్కటి కూడా చెప్పవు. "మీరూ హిందువులు, మేమూ హిందువులం" అని నవ్వుతూ చెబుతావు, మాకూ ఎంతో హాయిగా ఉంటుంది. పన్నీరు కూర, జీలకర్ర అన్నం దొరికే హోటలుకు నువ్వే వెతికి తీసుకెళతావు. చుట్టం ఇంటికొచ్చి ఆ ఇంట్లో జరిగిన చావుల గురించి ఒక్క మాట వినకుండా భోజనం చేసి వెళ్లిపోయే వీలు కల్పిస్తావు.

ఏ మెలికా లేకుండా నీలో నేను పొగడగలిగింది ఒక్కరినే, నీ డ్రైవరును. గైడూ చాలాసార్లు అతనే. నాలుగింటికి మన గుమ్మంలో ఉండాలంటే అతను ఎన్నింటికి లేచాడో మనం అడగం. కారు ముందు అద్దం దగ్గర లేత తాటాకుతోనో కొబ్బరాకుతోనో అల్లిన చదరపు బుట్ట ఉంటుంది, అరచేతిలో పట్టేంత. అందులో రంగురంగుల పూలు, నాలుగు మెతుకులు, ఒక అగరుబత్తి. దాని పేరు చనంగ్. ఆ పూల రంగులు ఒక్కో దిక్కుకు ఒక్కొక్కటి. తెలుపు తూర్పుది, ఎరుపు దక్షిణానిది, పసుపు పడమరది. ఇంట్లో ఆడవాళ్లు రోజూ పొద్దున్నే అల్లుతారు. మధ్యాహ్నానికి ఏసీ గాలికి ఆ పూలు వాడిపోతాయి. మనకు చేతి దూరంలో పగలంతా ఉన్నది ఆ బుట్టే, ఏమిటని అడగడం తోచదు. బాలిలో చాలా గుళ్లకు 210 రోజులకొకసారి తిరునాళ్లు వస్తాయి. బంజార్ అనే వాడ సంఘం పిలిస్తే ప్రతి ఇంటి నుంచీ మనిషి వెళ్లి పని చేయాలి. ఆ పిలుపుకూ మన బుకింగుకూ మధ్య నలిగేది ఈ డ్రైవరే. ఏ ఊళ్లో ఈ వారం తిరునాళ్లు ఉన్నాయో, ఏ మడిలో కోత జరుగుతోందో, 1963లో బూడిద ఎంత మందాన పడిందని తాత చెప్పాడో అతనికి తెలుసు. నీ పట్టికకు అవసరం లేదు కాబట్టి, పార్కింగులో మిగతా డ్రైవర్లతో కూర్చుని మన ఫొటోలు పూర్తయ్యేదాకా ఎదురు చూస్తాడు.

బాలి వెళ్లబోయే తెలుగువాళ్లకు నా విన్నపం ఇది. కారు మాట్లాడుకోండి, తప్పేం లేదు. బస్సులు అక్కడ సరిగా లేవు. కాకపోతే ముందు రోజే డ్రైవరుతో చెప్పండి: రెండు చోట్లు చాలు, బోనులున్న కాఫీ తోట వద్దు, అక్కడ మీకు వచ్చే కమీషను మేమే ఇస్తాం. అతని ఊరి వైపు ఆ రోజు ఏమైనా ఉందేమో అడగండి. మీకు ఓపికుంటే లెంపుయాంగ్ మెట్లెక్కండి, లేకపోతే జతిలువి గట్ల మీద ఒక పూట నడవండి. చందా డబ్బాలో నోటు వేసి, నీరు ఎటునుంచి వస్తుందో ఆ రైతునే అడగండి. భోజనానికి కూర్చున్నప్పుడు డ్రైవరుకు కూడా మీ బల్ల దగ్గరే కుర్చీ వేయించండి.