మూడడుగుల నేల

సకల తృణసామ్రాజ్య సార్వభౌముడైన గోల్ఫు దేవుడికి రెండు చేతులు. ఒక చేత డ్రైవరు కర్ర, రెండో చేత పటరు కర్ర. ఏ చెయ్యి గొప్పదన్న దగ్గర భక్తులు రెండు తెగలుగా చీలి, వీరశైవులూ వీరవైష్ణవులూ వచ్చి పాఠాలు నేర్చుకోవలసినంతగా కొట్టుకుంటున్నారు.

మర్యాద ప్రకారం డ్రైవరునే ముందు కీర్తిద్దాం. సంచిలో పట్టే ఆయుధాలు 14. అంతకు ఒక్కటి ఎక్కువైనా ధర్మశాస్త్రం ఒప్పుకోదు. అన్నిటిలోకీ పొడుగు ఈయనే, తలకాయ పెద్దది ఈయనకే. తక్కిన కర్రలన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ గణగణలాడుతుంటే, ఈయన మాత్రం తలకు తొడుగు వేసుకుని కొత్తల్లుడిలా ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటాడు. ఇప్పుడంటే ఆ తల టైటానియం బుర్ర, 460 ఘన సెంటీమీటర్ల దాకా ఉబ్బవచ్చు. ఒకప్పుడు అది పెర్సిమన్ చెట్టు కొయ్య. ఆ చెట్టు మనకు పరాయిదేమీ కాదు. బీడీలకు ఆకులిచ్చే మన తునికికి దాయాది.

ఇక ప్రయోగ ఘట్టం. వీరుడు వేలెడంత టీ పుల్లను నేలలో గుచ్చి, దాని నెత్తిన 46 గ్రాములకు మించని బంతిని ప్రతిష్ఠించి, రెండడుగులు వెనక్కి వేసి దిగంతమును పరికించును. చేతి తొడుగు బిగించును. నాలుగు గడ్డిపరకలు తెంపి ఎగురవేసి వాయుదేవుని అభిప్రాయము కనుగొనును. అప్పుడు భుజములు తిరిగి, నడుము మెలిపడి, ఎడమ మడమ పైకి లేచి, ప్రళయకాల ఝంఝామారుతంబు వలె కర్ర దిగివచ్చి, ఫట్టుమని తగిలినంతనే బంతి భూమ్యాకర్షణకు ఒక దండం పెట్టి గరుత్మంతుని దారి పట్టును. జనం నోళ్ళు తెరుచుకుని ఆకాశమంతా వెతుకుతారు. అది కుడిపక్క ముళ్ళపొదలో పడిన సంగతి కాసేపయ్యాక తెలుస్తుంది.

పటరుకు ఈ హంగులేవీ లేవు. ఉరుము లేదు, మెరుపు లేదు. నేలకు జానెడెత్తున అటూ ఇటూ ఊగి, టిక్కుమంటుంది. కాని ఆ టిక్కుకు ముందు జరిగే తంతు ఉన్నదే! బంతి వెనక గొంతుక్కూర్చుని చూస్తాడు. గుంట అవతలికి వెళ్ళి అటునుంచి చూస్తాడు. సంచి మోసే కేడీ చెవిలో ఏదో అడుగుతాడు. కేడీ గీతోపదేశం చేస్తాడు. పాలసముద్రం చిలికే ముందు దేవతలూ రాక్షసులూ కలిసి కూడా ఇంత చర్చించి ఉండరు. ఇంతా చేసి చేరవలసింది 4.25 అంగుళాల వెడల్పున్న పాతాళ ద్వారం. చిత్రగుప్తుడి పద్దులో 300 గజాల దెబ్బా ఒకటే, మూడడుగుల తోపుడూ ఒకటే. పటరు తెగవారి వేదమంతా ఈ ఒక్క వాక్యంలోనే ఉంది. డ్రైవు చూసేవాళ్ళ కోసం, పట్ పైసల కోసం అని దక్షిణాఫ్రికా మహర్షి బాబీ లాక్ పేరుమీద ఒక సూత్రం చలామణీలో ఉంది. ఆయన బ్రిటిష్ ఓపెన్‌ను నాలుగుసార్లు గెలిచినవాడు కనుక ఎదురు చెప్పడానికి ఎవరికీ నోరు రాదు.

ఈ తెగవారు నేటికీ పారాయణం చేసే పురాణగాథ అదే బ్రిటిష్ ఓపెన్‌లో, 1970 జులైలో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో జరిగింది. నాయకుడు డగ్ శాండర్స్, అమెరికా వాడు. రంగురంగుల బట్టలు, వాటికి జోడైన బూట్లు; మైదానంలో నెమలి అని బిరుదు. నాలుగు రోజుల యుద్ధంలో చివరి గుంట దగ్గరికి వచ్చేసరికి ఒక్క దెబ్బ ఆధిక్యం. నాలుగు దెబ్బల్లో ముగిస్తే రాజ్యం అతనిదే. అంతకు ముందు గుంటలో భయంకరమైన రోడ్ బంకరు ఇసుకలోంచి అద్భుతంగా బయటపడి వచ్చాడు. డ్రైవు చక్కగా పడింది. గ్రీన్ అనే ఆకుపచ్చ వేదిక ముందు ఒక పల్లముంది, దాని పేరే పాపాల లోయ. రెండో దెబ్బ దాన్ని దాటింది కాని గుంటను కూడా దాటిపోయి వెనక ఆగింది. మూడో దెబ్బగా కొట్టిన పట్ గుంట దాకా రాకుండానే నిలిచింది.

మిగిలినది మూడడుగుల లోపు నేల.

బలిచక్రవర్తికైతే వామనుడు వచ్చి నోరు తెరిచి అడిగాడు. శాండర్స్‌ను ఎవరూ అడగలేదు, ఆ నేల దానంతటదే మిగిలింది. బంతి మీదికి వంగాడు. దారిలో ఏదో కనబడింది, ఇసుక రేణువో గడ్డిపరకో. శుక్రాచార్యుడి కన్ను పొడిచిన దర్భపుల్ల అంశ కాబోలు. కాళ్ళు కదపకుండానే వంగి దాన్ని తీయబోయాడు. మళ్ళీ నిలబడి, వెనక్కి తగ్గి ఊపిరి పీల్చుకోకుండా, అలాగే కొట్టేశాడు. బంతి కుడిపక్కగా జారిపోయింది. అతనికీ, పోటీలో ఉన్న మరో వీరుడు జాక్ నిక్లస్‌కూ చెరి 283 దెబ్బలు. మర్నాడు ఇద్దరికీ 18 గుంటల ద్వంద్వయుద్ధం.

ఇక్కడ కథ ఆపి ఆస్థాన గణకుణ్ణి పిలవాలి. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రోడీ అమెరికా టూర్ దెబ్బల లెక్కలన్నీ తవ్వి 2014లో పుస్తకం వేశాడు. మేటి ఆటగాళ్ళు తక్కినవాళ్ళకన్నా సంపాదించే ఆధిక్యంలో డ్రైవు వాటా సుమారు 28 శాతం, పట్ వాటా 15, గ్రీన్ చుట్టుపక్కల చిన్న దెబ్బలది 17. మిగతా 40 శాతం? ఏ తెగవారూ గుడి కట్టని ఐరన్ కర్రలది, గ్రీన్ మీదికి కొట్టే దెబ్బలది. పూజలు ఒకరికి, వరాలిచ్చేది ఇంకొకరు. పట్ మహిమ దాని బలంలో లేదు, వరసలో ఉంది: చివర వస్తుంది కాబట్టి నేరం దాని మెడకు చుట్టుకుంటుంది. ఆ రోజు గుంటను దాటిపోయిన రెండో దెబ్బను ఎవరూ తిట్టరు చూడండి.

సరే, మర్నాడు. మళ్ళీ అదే చివరి గుంట. ఇప్పుడు ఒక్క దెబ్బ ఆధిక్యం నిక్లస్‌ది. శాండర్స్ డ్రైవు గ్రీన్‌కు ఇవతలే ఆగింది. నిక్లస్ తన పసుపు స్వెట్టరు, పీతాంబరమే అనుకోండి, విప్పి పక్కన పడేశాడు. కొట్టిన దెబ్బకు సుమారు 350 గజాల గుంట చిన్నదైపోయి, బంతి గ్రీన్ మీదుగా దొర్లి అవతలి గట్టు గడ్డిలో దూరింది. డ్రైవరు తెగవారు జయజయధ్వానాలు చేయబోయారు గాని తొందరపడ్డారు. శాండర్స్ తన రెండో దెబ్బను ముచ్చటగా గుంట దగ్గరికి దొర్లించాడు. నిక్లస్ గడ్డిలోంచి గిల్లిన బంతి గుంటకు ఎనిమిదడుగుల దూరంలో నిలిచింది. ఆ పట్ కొట్టాడు. పడింది.

జీవితమంతా నేల మీద పాకిన పటరును నిక్లస్ ఆ ఆనందంలో గాల్లోకి విసిరేశాడు. డ్రైవరుకు దక్కవలసిన ఆకాశం చూసి, అది గిరగిరా తిరుగుతూ దిగివచ్చింది, సరిగ్గా శాండర్స్ నిలబడ్డ వైపుకే. పాపం, తన చిన్న పట్ ఇంకా కొట్టాల్సినవాడు, ముందు తల కాపాడుకోవలసి వచ్చింది.