బీటారావు

ప్రతి సాఫ్ట్‌వేర్ టీమ్‌లోనూ ఒక బీటారావు ఉంటాడు. ఆవకాయ కలిపిన రోజు సాయంత్రమే జాడీ మూత తీసి, ఊట దిగిందో లేదో చూడకుండా వడ్డించేసే రకం. తన విస్తట్లో వడ్డించుకుంటే ఎవరికీ పేచీ లేదు. పెళ్లి పంక్తికి వడ్డిస్తాడు.

'స్టేబుల్' అన్న మాట చెవిన పడితే చాలు, ఆయనకి ఆవలింతలొస్తాయి. "అన్నా, జనం రోజూ వాడే అప్లికేషన్ కదా, ఇంకా విడుదల కానిదాని మీద కడితే ఎలా?" అని జూనియర్ ఎవరైనా నసిగితే జీమెయిల్ అస్త్రం తీస్తాడు. "2004 నుంచి 2009 దాకా దాని మీద బీటా అనే ఉంది. ప్రపంచమంతా వాడలేదూ?" నిజమే. కాకపోతే దాన్ని రాసినవాళ్లూ నడిపినవాళ్లూ ఒకే కంపెనీవాళ్లు. అర్ధరాత్రి చెడితే లేచి బాగుచేసుకోగలరు. మన బీటారావు చేయగలిగింది గిట్‌హబ్‌లో ఇష్యూ పెట్టి, కింద ఎన్ని బొటనవేళ్లు పడ్డాయో లెక్కపెట్టుకోవడం.

2016 ఆయన స్వర్ణయుగం. మే నెలలో యాంగ్యులర్ 2 రిలీజ్ క్యాండిడేట్ రాగానే, "ఇంక రిలీజ్ అయిపోయినట్టేనోయ్" అని ప్రాజెక్టంతా దాని మీదికి మార్పించాడు. జూన్‌లో రౌటర్ మారింది. ఆగస్టులో ఆర్‌సీ 5 వస్తూ వస్తూ ఎన్‌జీమాడ్యూల్స్‌ని వెంటబెట్టుకొచ్చింది. అప్పటిదాకా కాంపొనెంట్లలో రాసుకున్న జాబితాలన్నీ పీకి మాడ్యూళ్లలో సర్దుకోవాలి. సర్దిందెవరు? కొత్తగా చేరిన ఫ్రెషర్లు, వరలక్ష్మీ వ్రతం నాడు కూడా ఆఫీసులోనే కూర్చుని. సెప్టెంబరులో అసలు వెర్షన్ విడుదలయ్యేసరికి ఆయన మరోదాని ఆల్ఫాలో మునిగి ఉన్నాడు.

ఆయన ప్యాకేజ్ ఫైలు తెరిచి చూడండి. వెర్షన్ నంబరు ఉండాల్సిన చోట 'నెక్స్ట్' అని ఉంటుంది. లాక్ ఫైలు ఉండదు, చిరాకని తీసేశాడు. దాంతో నిన్న బిల్డ్ అయిన కోడు, ఒక్క అక్షరం ముట్టుకోకపోయినా, ఇవాళ మొరాయిస్తుంది.

అన్నిటికన్నా ఘనకార్యం ఐఫోన్ యాప్‌ది. స్టోర్‌కి పంపాల్సిన రోజు పొద్దున్నే బిల్డ్ మ్యాక్‌లో పాత ఎక్స్‌కోడ్ పీకేసి బీటా ఎక్కించాడు. బీటా ఎక్స్‌కోడ్‌తో కట్టినదాన్ని టెస్ట్‌ఫ్లైట్ దాకా రానిస్తారు గానీ స్టోర్ గుమ్మం తొక్కనివ్వరు. సాయంత్రం క్లయింట్ లైన్లోకొచ్చాడు.

"యాప్ ఎక్కడిదాకా వచ్చిందండీ?"

"ఫైనల్ స్టేజ్‌లో ఉంది సార్," అని మ్యూట్ నొక్కి, పాత ఎక్స్‌కోడ్ డౌన్‌లోడ్ వంక చూశాడు. 11 శాతం దగ్గరుంది.

అలాగని ఆయన్ని టీమ్‌లోంచి తీసెయ్యమనను. తయారీలో ఉన్నదాన్ని ముందుగా వాడి తప్పులు పట్టి రాసి పంపేవాళ్లు లేకపోతే, మన చేతికొచ్చే స్టేబుల్ వెర్షన్ అంత స్టేబుల్‌గా ఉండదు. ఓ పాత ల్యాప్‌టాప్ ఇచ్చి, కావలసినన్ని బీటాలు ఎక్కించుకోమనండి. ప్రొడక్షన్ సర్వర్ పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వకండి.