డిస్కు డాక్టర్ల పోటీ

హార్డ్ డిస్కులను పరీక్షించే సాఫ్ట్‌వేర్లలో ఏది ఘనమో తేల్చే పోలిక పట్టికలు చూస్తే ముచ్చటేస్తుంది. ఒకటి ఆకుపచ్చ గీత గీసి 'ఆరోగ్యం 100 శాతం' అంటుంది. ఇంకొకటి నీలం పెట్టెలో 'గుడ్' అంటుంది. డబ్బు పుచ్చుకునేది ఆ మాటే కాస్త హంగు చేసి చెబుతుంది. నీలమా, ఆకుపచ్చా అని రాత్రులు వాదించుకునే మేధావులకు ఒక దండం.

ఇవన్నీ చదివేది ఒకే చిట్టా. పేరు స్మార్ట్. ఎన్ని సెక్టార్లు చెడిపోయి మార్చుకున్నదీ, ఎన్ని అనుమానంలో ఉన్నదీ డిస్కు తన గురించి తానే రాసుకునే లెక్క అది. అంటే డాక్టర్లందరూ రోగినే 'ఎలా ఉన్నావయ్యా' అని అడిగి, అతను చెప్పిందే రంగుల్లో అచ్చువేసి ఇస్తున్నారు.

రోగి అంతా చెబుతాడా? లక్షకు పైగా డిస్కులను పరిశీలించి గూగుల్ ఇంజనీర్లు 2007లో ఫలితాలు ప్రచురించారు. పాడైన డిస్కుల్లో 56 శాతానికి పైగా, నాలుగు ముఖ్యమైన స్మార్ట్ హెచ్చరికల్లో ఒక్కటీ చూపకుండానే పోయాయి. అలాగని చిట్టా బూటకమూ కాదు. స్కాన్‌లో మొదటి లోపం బయటపడిన డిస్కు 60 రోజుల్లోపు పోయే అవకాశం, లోపం లేనిదానికంటే 39 రెట్లు ఎక్కువని తేల్చిందీ ఆ పరిశీలనే. చెడు కబురు చెబితే నమ్మాలి, మంచి కబురు చెబితే నమ్మి కూర్చోకూడదు. మనవాళ్లది తలకిందుల వ్యవహారం. 'గుడ్' అంటే గుర్రుపెట్టి నిద్రపోతారు. 'జాగ్రత్త' అంటే, మంచిమాట చెప్పే మరో సాఫ్ట్‌వేరు కోసం వెతుకుతారు.

ఇక బ్యాడ్ సెక్టార్లను 'బాగుచేసే' మహానుభావులు! అనుమానమున్న చోట మళ్లీ రాసినప్పుడు, అది నిజంగా చెడిందని తేలితే డిస్కులోని ఫర్మ్‌వేరే దాన్ని పక్కనపెట్టి స్పేర్ సెక్టారు వాడుకుంటుంది. ప్రోగ్రాము చేసేది రాయమని పురమాయించడమే. గీసుకుపోయిన అయస్కాంతపు పూతను కీబోర్డు మీంచి మళ్లీ పూయడం ఎవరి తరమూ కాదు. (ఎస్‌ఎస్‌డీకి కూడా డీఫ్రాగ్ అమ్మేవాళ్ల జోలికి నేను పోను. తిరిగే పళ్లెమే లేనిచోట వాళ్లు ఏం సర్దుతారో!)

అన్నిటికన్నా దారుణం, మూలుగుతున్న డిస్కు మీద పూర్తి స్కాన్ పెట్టడం. 4 టెరాబైట్ల డిస్కు సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో నడిచినా ఏడు గంటలు దాటుతుంది. ఉన్న కాస్త ఊపిరీ నివేదిక కోసం ఖర్చు. రికవరీ పని తెలిసినవాళ్లు ముందు డీడీరెస్క్యూ లాంటి ప్రోగ్రాముతో బాగున్న భాగాలన్నీ వేరే డిస్కులోకి దించుకుంటారు, మొరాయించే చోట్లకు చివర్లో వెళతారు. అది ఉచితం. కాకపోతే నల్లటి తెర మీద అంకెలు తప్ప దానికి సోకులేమీ లేవు, అందుకే ఎవరి కంటికీ ఆనదు.

పెళ్లి ఫొటోలు, పొలం కాగితాలు, పిల్లల వీడియోలు ఒక్క డిస్కులోనే పెట్టుకుని ఏ డాక్టరు మంచివాడని అడిగే అయ్యలారా, అమ్మలారా! ఇంకో డిస్కు కొని ఈ రాత్రికే కాపీ పెట్టండి. స్కాన్ రేపు చేసుకోవచ్చు.