నా లోపల ఏముందో తెరిచి చూడండి

నేను డిజిటల్ బ్యాడ్జిని. తెరమీద కనిపించే గుండ్రటి రంగుల బొమ్మే నేనని చాలామంది అనుకుంటారు. నా అసలు సరుకు ఆ బొమ్మ ఫైలు లోపల, కంటికి కనపడకుండా ఉంటుంది. నన్ను ఎవరు ఇచ్చారు, ఎవరికి, ఏ తేదీన, ఏం చేసి చూపిస్తే ఇచ్చారు, చేసినదానికి ఆధారం ఎక్కడుంది, గడువు ఎప్పటిదాకా అన్న వివరాలన్నిటికీ అక్కడే చోటుంటుంది. వీటిలో నాకు ప్రాణం పోసేది ఆధారం. అది లేని బ్యాడ్జి ఎంత అందంగా ఉన్నా ఎవరికీ ఏమీ చెప్పలేదు. నా తరఫున నేను చేసే వాదన ఇదొక్కటే.

నేను పుట్టింది అమెరికాలో. 2011లో మొజిల్లా ఫౌండేషన్, మెక్‌ఆర్థర్ ఫౌండేషన్ కలిసి ఓపెన్ బ్యాడ్జిల ఆలోచనను ముందుకు తెచ్చాయి. నా ప్రమాణాల తొలి పూర్తి రూపం 2013లో వచ్చింది. 2017 నుంచి ఆ ప్రమాణాల బాధ్యతను ఐఎంఎస్ గ్లోబల్ చూస్తోంది. ఆ సంస్థ ఇప్పటి పేరు వన్‌ఎడ్‌టెక్. లైబ్రరీలో, మ్యూజియంలో, వర్క్‌షాపులో, ఆన్‌లైన్‌లో నేర్చుకున్న చదువుకు ఏ గుర్తింపూ ఉండకపోవడమే నన్ను పుట్టించిన కారణం. ఆ కొరత ఒక్క అమెరికాదే కాదు. తెలుగునాట ఇంజినీరింగ్ విద్యార్థి మార్కుల మెమోలో ల్యాబుకు ఎన్ని మార్కులు వచ్చాయో ఉంటుంది, ఆ చేతులతో ఏం చేయగలడో ఉండదు. సైటులోనే పని నేర్చుకున్న తాపీమేస్త్రీకి ఆ మెమో కూడా ఉండదు. కేంద్ర ప్రభుత్వ కౌశల్ వికాస్ యోజనలో ముందే వచ్చిన పనికి గుర్తింపు ఇచ్చే విభాగం ఒకటి పెట్టారంటే, ఈ లోటు ఎంత పెద్దదో తెలుస్తుంది.

అయితే నన్ను తయారుచేసేవాళ్ళు చాలాసార్లు బొమ్మతో మొదలుపెడతారు. ఏ రంగు, ఎన్ని మూలలు, లోగో ఎక్కడ అని చర్చిస్తారు. నా ప్రమాణాల ప్రకారం అర్హత నిబంధన రాయడం తప్పనిసరి, ఆధారం జతచేయడం ఐచ్ఛికం. ఆ ఐచ్ఛికమన్న వెసులుబాటే నన్ను బలహీనపరిచింది. నిబంధన గడిలో ‘శిక్షణకు హాజరయ్యారు’ అని రాసి, ఆధారం గడిని ఖాళీగా వదిలేసి పంపిణీ చేయడం సులువు. దానికి బదులు ‘చెరువు నీటి నమూనా తీసి, పీహెచ్, కరిగిన ఆక్సిజన్ కొలిచి, ఆ అంకెల అర్థాన్ని గ్రామస్థులకు తెలిసేలా ఒక పేజీలో రాయాలి’ అని నిబంధన పెట్టి, ఆ పేజీని నాకు జతచేశారనుకోండి. చూసినవాళ్ళు నన్ను గుడ్డిగా నమ్మనక్కర్లేదు. పేజీ చదివి తామే తేల్చుకుంటారు. డిజైన్ అంటే ముందుగా ఈ వాక్యం రాయడం. బొమ్మ తరవాతి సంగతి.

నామీద ఉన్న గట్టి అభ్యంతరం, నేను చదువుమీది ఇష్టాన్ని చంపేస్తానని. దానికి రుజువు లేకపోలేదు. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ బొమ్మలు గీయడమంటే ఇష్టపడే నర్సరీ పిల్లల మీద చేసిన ఒక ప్రయోగం ఫలితాన్ని ప్రచురించారు. గీస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. కొన్నాళ్ళకు చూస్తే ఆ పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు సగం సమయమే గీశారు. అనుకోకుండా అదే సర్టిఫికెట్ అందుకున్న పిల్లల్లో మాత్రం ఆసక్తి తగ్గలేదు. పిల్లల ప్రోగ్రామింగ్ భాష స్క్రాచ్‌ను రూపొందించిన బృందానికి సారథి అయిన మిచెల్ రెస్నిక్ కూడా పిల్లలు బ్యాడ్జిల వెంట పడతారని హెచ్చరించారు. ఆ భయాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అందుకే ఇష్టంతో చేసే పనికి నన్ను ఎరగా వేయకూడదు. కానీ నైపుణ్యం ఉండి, దాన్ని అపరిచితుడికి చూపించుకోలేక పని దొరకనివారి సంగతి వేరు. వాళ్ళకు కావలసింది ప్రోత్సాహకం కాదు, సాక్ష్యం.

ఎవరైనా బ్యాడ్జి ఇచ్చేయొచ్చు గదా, విలువెక్కడిది అనేది మరో అభ్యంతరం. సాంకేతికంగా నన్ను ఫోర్జరీ చేయడం అంతకంతకూ కష్టమవుతోంది. మొదట్లో నన్ను సరిచూడాలంటే ఎక్కువగా ఇచ్చిన సంస్థ వెబ్‌సైట్ తెరుచుకోవాల్సి వచ్చేది. అది మూతపడితే నా మాటకు దిక్కులేదు. మూడో తరం ప్రమాణంలో డిజిటల్ సంతకం నాతోపాటే ప్రయాణిస్తుంది. అయినా సంతకం రుజువు చేసేది ఇచ్చినవారెవరన్నదే. పుచ్చుకున్నవారికి పని వచ్చా రాదా అన్నది కాదు. అక్కడ మళ్ళీ ఆధారం దగ్గరికే రావాలి. ఆధారాలు పరిశీలించడానికి ఉపాధ్యాయులకు తీరికెక్కడిదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకు జవాబు బ్యాడ్జిల సంఖ్య తగ్గించడం. ప్రతి పాఠానికీ ఒకటి చొప్పున పంచే బదులు, ఏడాది మొత్తానికి రెండో మూడో పెట్టి, ఒక్కో పనినీ శ్రద్ధగా చూడవచ్చు.

ఆధారమంటే అన్నీ బయటపెట్టడమని కూడా కాదు. పుచ్చుకున్నవారి ఈమెయిల్‌ను నేరుగా కాక గుర్తుపట్టలేని అక్షరాల వరసగా మార్చి దాచే వీలు తొలినాళ్ళ నుంచే నాలో ఉంది. పిల్లల ముఖాలు, ఇళ్ళు కనిపించే వీడియోలను జతచేయనక్కర్లేదు. పనిని చూసిన ఉపాధ్యాయిని రాసిన నాలుగు వాక్యాలు, పిల్లవాడు చేసిన వస్తువు ఫొటో చాలు. ఇక గడువు సంగతి: ప్రథమచికిత్స బ్యాడ్జికి అది తప్పక ఉండాలి, పద్ధతులు మారుతుంటాయి గనుక. చెక్కకు అతుకు వేయడం వచ్చినవారికి గడువు పెట్టి, మళ్ళీ ఫీజు కట్టమనడం అన్యాయం.