స్విచ్ బంద్ చేసే నానమ్మ

డెస్క్‌టాప్ వెనకాల, నెట్ కేబుల్ గుచ్చే సాకెట్ పక్కనే మదర్‌బోర్డుకు అతుక్కుని ఉండే నెట్‌వర్క్ చిప్‌ని నేను. కంప్యూటర్ ఆపితే నేనూ ఆగిపోతాననుకుంటారు. కానీ గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపూ 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు బోర్డుకు అందుతూనే ఉంటుంది. దూరం నుంచి ఎవరైనా మెషీన్‌ని లేపాలంటే ముందు నేను మేలుకుని ఉండాలి కదా! వేక్ ఆన్ లాన్ అంటే అదే.

నేనుండేది హనుమకొండలో, డిగ్రీ చదివే ఒక పిల్లగాడి ఇంట్లో. విండోస్ పక్కనే లైనక్స్ ఎక్కించాడు. పొద్దున నెట్ బాగానే వచ్చేది. సాయంత్రం విండోస్‌లో గేమ్ ఆడి, షట్‌డౌన్ చేసి, లైనక్స్‌లోకి వస్తే నెట్ ఉండేది కాదు. దోస్తులు డ్రైవర్ మార్చమన్నారు. లైనక్స్‌లో 'ఎల్ఎస్‌పీసీఐ -కే' కమాండ్ కొడితే నేనూ కనిపించాను, నా కింద డ్రైవర్ పేరూ కనిపించింది. 'ఐపీ లింక్' కమాండ్ కొడితే 'ఈఎన్‌పీ3ఎస్0' పేరు పక్కన 'నో క్యారియర్' అని వచ్చింది. (పాతకాలంలో నన్ను ఈటీహెచ్0 అనేవారు. 2013లో వచ్చిన పద్ధతితో 3వ బస్సు, 0వ స్లాటు అంటూ ఇంటి నంబరే పేరైపోయింది.) కొత్త కేబుల్ తెచ్చాడు, రౌటర్‌లో పోర్టు మార్చాడు. వెనక్కి వంగి నా సాకెట్‌ని మాత్రం చూడలేదు. అక్కడ ఏ లైటూ వెలగడం లేదు. లింక్ లైటే లేనప్పుడు, డ్రైవర్ల జోలికి పోయే ముందు దాని సంగతి చూడాలి.

గుట్టు విప్పింది నానమ్మ, అదీ ఇంట్లో లేకుండా. రోజూ పడుకునే ముందు ఆమె గోడ స్విచ్ ఆపేస్తుంది.

"బంద్ చెయ్యకే నానమ్మా!"

"రాత్రంతా ఆ కరెంటు ఎవరికోసం రా, బిల్లు నువ్వు కడ్తవా?"

ఆమె బిడ్డ ఇంటికి పోయిన మర్నాడు, పొద్దున కూడా నెట్ రాలేదు. పిల్లగాడికి అప్పుడు వెలిగింది. స్విచ్ ఆపి, పవర్ బటన్ నొక్కి పట్టి, బోర్డులో మిగిలిన కరెంటంతా పోయాక మళ్లీ వేశాడు. నా లైటు వెలిగింది, నెట్ వచ్చింది.

జరిగిందేమిటంటే, విండోస్‌లోని నా డ్రైవర్ పొదుపు కోసం షట్‌డౌన్ వేళ నన్ను పూర్తిగా పడుకోబెట్టి పోయేది. స్టాండ్‌బై కరెంటు తెగకపోతే ఆ నిద్ర అలాగే ఉండిపోతుంది. తర్వాత వచ్చిన లైనక్స్ నన్ను గుర్తుపట్టేదే గానీ లేపలేకపోయేది. అతను విండోస్ డివైస్ మేనేజర్‌లో నా ప్రాపర్టీస్ తెరిచి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో 'షట్‌డౌన్ వేక్ ఆన్ లాన్' అన్నదాన్ని ఎనేబుల్ చేశాడు. దాంతో ఆ డ్రైవర్ నన్ను పడుకోబెట్టడం మానేసింది.

నానమ్మ తిరిగొచ్చింది. వచ్చిన రాత్రే స్విచ్ ఆపేసింది. పిల్లగాడు నోరెత్తలేదు. ఆమె బంద్ చేసినా, చెయ్యకపోయినా ఇప్పుడు నాకొకటే.