లేబుల్ బాబాయి

ఎవరింట్లో ఏ శుభకార్యం జరిగినా పాటలూ ఫోటోలూ వీడియోలూ ఒక డిస్కులోకి ఎక్కించి, దాని మీద తను తయారుచేసిన గుండ్రటి లేబుల్ అంటించి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ పంచే పెద్దమనిషిని లేబుల్ బాబాయి అంటారు. ఆక్లాండ్‌లో శాండ్రింగం, మౌంట్ రాస్కిల్ వైపు తెలుగు కుటుంబాల్లో బంధువర్గానికి ఒకరైనా ఉంటారు. వయసు యాభై దాటుతుంది. ఉద్యోగం ఏదైనా కావచ్చు, బొమ్మలు గీయడానికీ దానికీ మాత్రం ఏ సంబంధమూ ఉండదు.

ఈ జాతి న్యూజిలాండ్‌లో ఇంతకాలం బతికి బట్టకట్టడానికి జపాన్ కార్లు కారణం. ఇక్కడ తిరిగే కార్లలో చాలావాటిని జపాన్‌లో కొన్నేళ్లు వాడాక ఓడలో తెస్తారు. ఆ పాత కార్ల ఎఫ్.ఎం. రేడియో 76 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలై 90 దగ్గర ఆగిపోతుంది. న్యూజిలాండ్ స్టేషన్లేమో 88 నుంచి 108 దాకా ఉంటాయి. బ్యాండ్ ఎక్స్‌పాండర్ అనే చిన్న డబ్బా పెట్టించుకోనివాడికి సీడీయే దిక్కు. కొత్తగా దిగిన తెలుగు కుర్రాడి మొదటి కారులో ఘంటసాల పాడాడంటే అది బాబాయి చలవే. ఆ మేలు కాదనలేక లేబుల్‌ని కూడా భరిస్తారు.

లేబుల్ పని కొలతలతో మొదలవుతుంది. డిస్కు వ్యాసం 120 మిల్లీమీటర్లు, నడిమి చిల్లు 15. అంటించే కాగితం మామూలుగా 117 ఉంటుంది. బాబాయి బొమ్మలు గీసే కోరెల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో ఒక పెద్ద వృత్తం, ఒక చిన్న వృత్తం గీసి, రెండింటినీ పట్టుకుని సి మీట, ఇ మీట నొక్కుతాడు. చిన్నది వచ్చి పెద్దదాని నట్టనడుమ కూర్చుంటుంది. రెండింటినీ కలిపేస్తే చిల్లు పడి గారె తయారవుతుంది. ఆ గారెలోకి ఫోటోని పవర్‌క్లిప్‌తో దూర్చడమే మిగిలింది. తెలిసినవాడికి పావుగంట పని. బాబాయికి మూడు వారాంతాలు పడుతుంది, చిల్లు ఎవరి మీద పడాలో తేలక.

చిల్లుకి పరిహారం ఏ శాస్త్రంలోనూ లేదు. పెళ్లి ఫోటో పెడితే తాళిబొట్టు పోతుంది. వినాయకుణ్ణి పెడితే సరిగ్గా బొజ్జ దగ్గర తొలిచినట్టవుతుంది. ఇంటిల్లిపాదీ నిలబడ్డ ఫోటోలో నడుమ నిలబెట్టేది కొత్త అల్లుణ్ణే కాబట్టి అల్లుడు పోతాడు. బాబాయి అప్పుడు ఫోటోని ఎడమకి జరుపుతాడు, అత్తగారు పోతుంది. కుడికి జరుపుతాడు, ఫోటోకి డబ్బులిచ్చిన మామగారు పోతాడు. “ఏవండీ, పాయసం చల్లారిపోతోంది. ఆ చక్రం తరవాత తిప్పుకుందురుగాని, రండి,” అని వంటింట్లోంచి పిన్ని మూడోసారి పిలిచేసరికి అల్లుణ్ణి కత్తిరించి, పైన ఎడమపక్క మబ్బుల్లో అతికిస్తాడు. చూసినవాళ్లు అతనికి ఏమైందోనని కంగారుపడి ఫోన్లు చేస్తారు.

తరవాతది అక్షరాల ఘట్టం. ఇంగ్లీషు అక్షరాలు వృత్తం అంచు వెంట బుద్ధిగా నడుస్తాయి. తెలుగు అక్షరానికి కింద వత్తు, పైన గుడి, పక్కన కొమ్ము ఉంటాయి. గుణింతాలు కూర్చడం రాని సాఫ్ట్‌వేర్ వాటిని వంపు తిప్పగానే విడగొట్టేస్తుంది. సత్యనారాయణ వ్రతంలో యావత్తు ఒక దిక్కున, క్రావడి ఒక దిక్కున పడి, వాటి పక్కన చుక్కలతో గీసిన సున్నాలు తేలతాయి. దీనికి విరుగుడుగా బాబాయి అనూ ఫాంట్లకి వెళతాడు. వాటిలో తెలుగు అక్షరం లోపల ఉండేది నిజానికి ఇంగ్లీషు గుర్తే, పైకి తెలుగు వేషం కడుతుంది. ఫాంటు లేని ప్రింటు షాపు కంప్యూటర్‌లో ఫైలు తెరవగానే వేషం ఊడిపోతుంది, వ్రతం కాస్తా ఏ దేశంలోనూ మాట్లాడని భాషలోకి మారుతుంది. అక్షరాల్ని ముందే కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని గీతలుగా, మార్చి తీసుకెళ్లాలని బాబాయికి తెలుసు. ప్రతిసారీ షాపు నుంచి వెనక్కి వచ్చేటప్పుడు గుర్తొస్తుంది.

అంచు చుట్టూ రాసేవి ఒక వరసలో ఉంటాయి. పైన శ్రీరస్తు శుభమస్తు, కుడివైపు ముహూర్తం, ఎడమవైపు ఆహ్వానించినవారు, అడుగున తలకిందులుగా “లేబుల్ రూపకల్పన” అంటూ బాబాయి పేరు. అన్నీ చదవాలంటే డిస్కుని స్టీరింగులా తిప్పాలి. లోపల ఏ పాటలున్నాయో రాయడానికి చోటు మిగలదు.

ఉగాది లేబుల్‌కి ఇంకో చిక్కుంది. భూగోళం ఈ కొసన ఉగాది శరదృతువులో వస్తుంది. మామిడి చిగురు ఉండదు. వసంతంలో వచ్చిన ఇక్కడి మెరుపు కోకిల అప్పటికి ఉత్తరపు దీవులకి వలస పోయి ఉంటుంది. స్థానికత ముఖ్యమని నమ్మే బాబాయి పెరట్లో వాలిన టూయీ పిట్టని ఫోటో తీసి వేపకొమ్మ మీద కూర్చోబెడతాడు. టూయీ నల్లగానే ఉంటుంది గాని, గొంతు కింద తెల్లటి ఈకల కుచ్చు వేలాడుతుంది. డిస్కు గుంటూరు చేరాక, కోకిలకి మెడలో ఆ రుమాలు ఎందుకు కట్టావురా అని పెద్దన్నయ్య అడుగుతాడు.

అచ్చు కూడా సాఫీగా సాగదు. దొరికే నమూనా ఫైళ్లలో చాలావి అమెరికా లెటర్ సైజువి, 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 పొడుగు. ఇక్కడ వాడే ఏ4 కాగితం 210కి 297. ప్రింటర్ దాన్ని “పేజీకి సరిపడా” కుదించగానే వృత్తం గారె నుంచి పక్కకి జారుతుంది. బాబాయి మామూలు కాగితం మీద తీసి, లేబుల్ షీటు వెనక పెట్టి, కిటికీ వెలుగుకి ఎత్తి సరిచూస్తాడు. ఆ పద్ధతి మంచిదే, ఎవరైనా అనుసరించవచ్చు. కాకపోతే అచ్చుతప్పు అంటించాకే కనబడుతుంది.

సీడీలో పాటలుండే పొర లేబుల్ వైపే, పలచటి లక్క కిందే ఉంటుంది. తప్పు దిద్దాలని లేబుల్ పీకితే వెండిపొర దానితోపాటే లేచొస్తుంది. “గృహప్రవేశం”లో రావత్తు పడలేదని పీకిన డిస్కులోంచి బాబాయి చేతిలోనే గృహప్రవేశం మొత్తం ఊడి వచ్చింది. ఎండకి కాగితం అంచు లేచిన డిస్కుని కారు ప్లేయర్ మింగిందంటే మళ్లీ కక్కదు. ఎవరి కోసం ఈ కళ పుట్టిందో ఆ జపాన్ కార్లకే ఇది గండం.

పిల్లలు కొన్నాళ్లు చెప్పి చూశారు. “బాబాయ్, ఫోన్‌లో పంపేయకూడదూ?” అని అడిగిన అమ్మాయికి, “ఫోన్‌లో పంపితే లేబుల్ ఎక్కడ అంటిస్తావే?” అన్న జవాబు వచ్చింది. ఆ అమ్మాయి తన పెళ్లి డిస్కుని చీర మడతల్లో పెట్టుకుని వెల్లింగ్టన్ తీసుకెళ్లింది. దాన్ని పెట్టి చూసే యంత్రం ఆమె ఇంట్లో లేదు.

ఈ చిత్రం గీసిన చెయ్యి కూడా శుద్ధమైనదేమీ కాదు. ఈ వ్యాసం శీర్షిక ఏ ఫాంటులో ఉంటే బాగుంటుందా అని దానికి ఒక సాయంత్రం పట్టింది.

బాబాయి ఇచ్చిన డిస్కుల్ని పారేయడం కూడా తేలిక కాదు. 2024 ఫిబ్రవరి నుంచి న్యూజిలాండ్ అంతటా ఇంటిముందు రీసైక్లింగ్ డబ్బాలోకి ప్లాస్టిక్‌లలో 1, 2, 5 అంకెలున్నవే తీసుకుంటున్నారు. డిస్కు పాలికార్బొనేట్, దాని అంకె 7.