వారాంత ప్రకరణం, టీకా తాత్పర్య విశేషాలతో

అవతారిక. కార్తీక మాసం, ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర. విశాఖపట్నంలో ఒక ఇంటివారి కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఈ గద్యం వెలువడింది:

“శనివారం హాల్లో పుస్తకాల అర బిగించాం. ఆదివారం అనుకోకుండా అద్దాల రైలెక్కి అరకు వెళ్లొచ్చాం. తిరుగు దారిలో 1807లో కనుగొన్న బొర్రా గుహలు. వనభోజనం. గమ్యం ముఖ్యం కాదు, ప్రయాణమే ముఖ్యం. ఇద్దరి మనసులూ ఒకటైతే ప్రతి వారాంతం ఒక కావ్యం.”

రాసింది భర్త. భార్య కూడా ఆ గ్రూపులోనే ఉంది గానీ ఆ వేళకి వంటింట్లో ఉంది. ఇలాంటి ప్రకటన వారం వారం వస్తూనే ఉంటుంది. చిన్నవాళ్లు చప్పట్ల బొమ్మలు పెడతారు, పెద్దవాళ్లు దణ్ణాలు పెడతారు, అంతటితో సరి. ఈసారి మాత్రం చివర ‘కావ్యం’ అని పడింది. ఆ గ్రూపులో ఇల్లాలి మేనమామ ఒకాయన ఉన్నాడు, డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనవాడు. కావ్యమని కర్తే ఒప్పుకున్నాక వ్యాఖ్య లేకుండా వదిలేయడం శాస్త్రసమ్మతం కాదని ఆయన తీర్మానించాడు.

మనవాళ్లకి వ్యాఖ్యానం కొత్త విద్య కాదు. కాళిదాసు రఘువంశ కుమారసంభవాలకి సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాసిన మల్లినాథసూరి మెదక్ దగ్గరి కొల్చారం వాడు. ఆయన కొడుకు కుమారస్వామి కూడా ఆ వృత్తిలోనే దిగి ప్రతాపరుద్రీయానికి రత్నాపణం రాశాడు. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మల్లినాథుడి ప్రతిజ్ఞ. మేనమామగారు అందులో మొదటి సగానికి కట్టుబడ్డారు. రెండో సగం కూడా పాటిస్తే ఈ వ్యాఖ్య నాలుగు వరుసల్లో అయిపోతుంది.

ప్రతిపదార్థం. అక్కర్లేదు. ఎవరు బిగించారో, ఎవరు ఎవర్ని తీసుకెళ్లారో గ్రూపులో అందరికీ తెలుసు.

పాఠాంతరం. ఇది మాత్రం అవసరం. ప్రస్తుత ప్రతిలో ‘వనభోజనం’ అని ఉంది. కిందనే ‘ఎడిటెడ్’ అన్న చిన్న ముద్ర కూడా ఉంది. వాట్సాప్‌లో పంపిన మాటని పదిహేను నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు. తాటాకు మీద గంటం ఆడించిన లేఖకులకి ఆ వెసులుబాటు లేదు కాబట్టే వాళ్ల తప్పులు భద్రంగా మనదాకా వచ్చాయి. సి.పి.బ్రౌన్ పండితులకి సొంత డబ్బుతో జీతాలిచ్చి ప్రతులు పోల్చి చూపించుకున్నాడు, జూలూరి అప్పయ్య చేత మనుచరిత్రకీ వసుచరిత్రకీ టీకలు రాయించాడు. ఇక్కడ అంత ఖర్చు కాలేదు. కర్త చెల్లెలు మొదటి పాఠాన్ని స్క్రీన్‌షాట్ తీసి దాచింది. అందులో ఉన్నది ‘బొంగు చికెన్’. కార్తీక మాసమాయె, తెల్లారితే సోమవారమాయె, కర్త తల్లిగారు అదే గ్రూపులో ఉపవాసానికి సిద్ధమవుతున్నారాయె. పద్నాలుగో నిమిషంలో కోడి అడవిలోకి పారిపోయి, వనభోజనం మిగిలింది.

‘అర బిగించాం.’ నాయకులు నాలుగు రకాలని లక్షణ గ్రంథాలు చెబుతాయి. డ్రిల్లింగ్ మిషన్ చేతికి రాగానే కర్త ధీరోద్ధతుడు. ఆ మిషన్ పక్క ఫ్లాటువాళ్లది. వెళ్లి అడిగి తెచ్చింది ఆమె. మొదటి బెజ్జం సరిగ్గా పిల్లర్‌లోకి పోయి లోపలి కమ్మికి తగిలింది, మిషన్ మూలిగి ఆగిపోయింది. అక్కణ్ణుంచి కర్త ధీరశాంతుడు.

నాయికల సంగతి ఇంకొంచెం చిక్కు. భరతుడి కాలం నుంచి వాళ్లు ఎనిమిది మంది. అలంకరించుకుని ఎదురుచూసే వాసకసజ్జిక ఉంది, పోట్లాడి పంపేసి తర్వాత బాధపడే కలహాంతరిత ఉంది, రాత్రివేళ తనే బయల్దేరే అభిసారిక ఉంది. స్టూలు పట్టుకునే నాయిక ఎవరి లెక్కలోనూ లేదు. శనివారం మధ్యాహ్నమంతా ఆ ఇంటి నాయిక ఒక చేత్తో స్టూలు కాలు అదిమి పట్టుకుంది. రెండో చేత్తో పాత కేలండర్ కాగితాన్ని పొట్లంలా మడిచి బెజ్జం కింద గోడకి ఒత్తి ఉంచింది, ఎర్రటి ఇటుక పొడి సోఫా మీద పడకుండా. ఆ భంగిమలోనే ఆమె ఒక మాట అడిగింది.

“ఏవండీ, రసమట్టం పెట్టి చూశారా?”

“నా కళ్లే రసమట్టం. నువ్వు స్టూలు చూసుకో.”

ఇప్పుడు ఆ అర మీద కుడివైపు పెట్టిన పుస్తకాలు ఎడమవైపుకి సాష్టాంగపడుతున్నాయి. ఎడమ కొసన సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటం ఒకటి అడ్డం పెట్టి ఆమె వాటిని నిలబెట్టింది. పెళ్లికి మేనమామ ఇచ్చిన ఆ నిఘంటువుని వాళ్లింట్లో ఎవరైనా వాడటం ఇదే మొదలు.

‘అనుకోకుండా.’ ఇక్కడ వ్యాఖ్యాతకి కోపం వచ్చింది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఆ రైలు మార్గాన్ని 1960లలో మనుషుల విహారం కోసం వేయలేదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి వేశారు. అద్దాల కప్పు, గిరగిర తిరిగే కుర్చీలు ఉన్న పెట్టె 2017 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ బండి తెల్లవారుజామునే లేచినవాళ్లకి, అంతకంటే ముందు టికెట్టు తీసుకున్నవాళ్లకి. కొండల్లో చలి మొదలయ్యే కార్తీకంలో, ఆదివారం నాడు, అద్దాల పెట్టెలో రెండు కిటికీ సీట్లు అనుకోకుండా దొరికాయంటే చింతామణి ఉన్నట్టే. 2024 నవంబర్ 1 నుంచి రిజర్వేషన్ గడువుని 120 రోజుల నుంచి 60 రోజులకి కుదించారు. పొద్దున్న ఎనిమిదింటికి బుకింగ్ తెరుస్తారు. అంటే సెప్టెంబర్‌లో ఒకనాడు ఇడ్లీపాత్ర పొయ్యి మీద పెట్టి, కుక్కర్ ఎన్నో కూత కూసిందో మర్చిపోయి, ఫోన్ పట్టుకుని ఎవరో ఎనిమిది కోసం చూస్తూ నిలబడ్డారన్నమాట.

ఆ తర్వాతి పనులు మూలంలో లేవు. ఇవి మౌఖిక ప్రతిలోవి, సోమవారం మేనకోడలు ఫోన్లో చెప్పినవి. పాలవాడికి ఆదివారం పాలు వద్దని చెప్పడం. పనమ్మాయిని పొద్దున్న కాక సాయంత్రం రమ్మనడం. అత్తగారి మాత్రలు పూటకొకటి చొప్పున డబ్బా గళ్లలో సర్దడం. తిరుగు ప్రయాణానికి కారు మాట్లాడటం, ఘాట్ రోడ్డు మలుపుల్లో కర్తకి కడుపులో తిప్పుతుంది కాబట్టి ఆ మాత్ర పర్సులో వేసుకోవడం. పులిహోర. ఫ్లాస్కు. కర్తకి ఈ ప్రయాణం సంగతి ఆదివారం ఐదింటికి నిద్ర లేపినప్పుడు గుర్తొచ్చింది. కాబట్టి ‘అనుకోకుండా’ అన్నది ఆయన మటుకు నిజమే.

విశేషం. తెలుగులో అనుకోకుండా ప్రయాణం కట్టినవాడు ఒకడే ఒకడు, ప్రవరుడు. అతని సంగతి వివరంగా చెప్పుకోవాలి.

పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు అరుణాస్పదపురం దాటని గృహస్థు. ఊళ్లు చూడాలని మహా సరదా. అగ్నిహోత్రం వదిలి వెళ్లలేడు. అందుకని వచ్చిపోయే యాత్రికులకి భోజనం పెట్టి, వాళ్లు తిరిగిన చోట్ల గురించి అడిగి తెలుసుకుంటాడు. వెయ్యిమంది వచ్చినా వండి పెట్టడానికి అలసిపోని అన్నపూర్ణ అతని ఇల్లాలు అని పెద్దన మెచ్చుకున్నాడు. ఒకనాడు ఒక సిద్ధుడు వస్తాడు. భోంచేసి, తాను తిరిగిన దేశాలన్నీ చెబుతాడు. ఇంత చిన్న వయసులో ఇన్ని ఎలా చూశావంటే, కాళ్లకి రాసుకునే పసరు ఉందంటాడు. ప్రవరుడు ఆగలేడు. పసరు రాయించుకుని హిమాలయాల మీద వాలతాడు. కొండలు చూశాడు, సెలయేళ్లు చూశాడు, మధ్యాహ్నమైంది, మిగిలింది రేపు చూద్దామని అడుగు వేస్తే కాలు కదల్లేదు. మంచుకి పసరు కరిగిపోయింది. మేనమామగారు ముప్పై ఏళ్లపాటు ఈ ఘట్టం చెప్పారు, చెప్పినప్పుడల్లా పిల్లలు అక్కడ అతణ్ణి వలచే వరూధిని ఎప్పుడొస్తుందా అని చూసేవారు. ఆయన మనసు మాత్రం ఎప్పుడూ ఈ పసరు దగ్గరే ఆగిపోయేది. ఎక్కే టికెట్టు తీసుకుని దిగే టికెట్టు సంగతి ఆలోచించని యాత్రికుణ్ణి ఇంత సూటిగా పట్టుకున్న కవి ఇంకొకడు లేడు. గమ్యం ముఖ్యం కాదు, ప్రయాణమే ముఖ్యం అన్న వాక్యాన్ని ఆ మంచులో నిలబడ్డ ప్రవరుడికి వినిపించి మొహం చూడాలి.

అయితే ప్రవరుడిలో ఒక గొప్ప ఉంది. వరూధిని కనబడకముందూ కనబడ్డాకా అతను తలుచుకున్నది ఇంటినే. తాను నిమిషం కనపడకపోతే ఊరంతా వెతికే తండ్రి, బెంగపడే తల్లి, తనకోసం చూసే భార్య, శిష్యులు, వేళకి నెయ్యి పడాల్సిన అగ్నులు. ఒక్కొక్కరినీ విడివిడిగా పేర్కొని దుఃఖపడ్డాడు. ఇంట్లో ఎవరికి ఏ వేళకి ఏం కావాలో అతనికి తెలుసు. కడకి అగ్నిదేవుడే ఆ భక్తుణ్ణి ఇంటికి చేర్చాడు. మన కర్తని పరీక్షకి నిలబెట్టి, మీ అమ్మగారి బీపీ మాత్ర పొద్దున్నదా రాత్రిదా అని అడిగితే ఏ దేవుడు దిగొస్తాడు?

ఇది ఒక్క ఇంటి కథే అయితే ఇంత సిరా దండగ. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన కాల వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. అదీ ఆ పనికి చెయ్యేసినవాళ్ల సగటు. మగవాళ్లలో అసలు చెయ్యి వేసింది నూటికి 26 మంది. 2024 సర్వేకి వచ్చేసరికి అంకెలు 289, 88 అయ్యాయి. ఐదేళ్లలో ఆమెకి పది నిమిషాలు కలిసొస్తే, ఆయన కూడా తొమ్మిది నిమిషాలు కలిసొచ్చేలా చూసుకున్నాడు. ఎనిమిది ఎప్పుడవుతుందా అని ఫోన్ పట్టుకుని నిలబడ్డ నిమిషాలని ఏ గడిలో వేసుకుంటారో మరి. ఆ వేళ ఆమె ఇడ్లీలు కూడా వండుతోంది.

‘1807లో కనుగొన్న.’ ఈ ముక్క కర్త సొంతం కాదు, అరకు వెళ్లొచ్చినవాళ్లంతా ఒకరి నుంచి ఒకరు దించుకునేది. భారత భూవిజ్ఞాన సర్వే సంస్థకి చెందిన విలియం కింగ్ జార్జ్ 1807లో ఈ గుహల్ని కనుగొన్నాడని ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఆ సంస్థ పుట్టింది 1851లో. విలియం కింగ్ అనే భూవిజ్ఞాని దాంట్లో ఉన్నమాట నిజమే, ఆయన పుట్టింది 1833లో, సంస్థకి అధిపతి అయింది 1887లో. పుట్టడానికి ఇరవయ్యారేళ్ల ముందు గుహలోకి దిగినవాణ్ణి మనం జాతకకథల్లో వెతకాలి. అక్కడి గిరిజనులు చెప్పేది వేరు. మేతకెళ్లిన ఆవు గుహ పైకప్పులోని కంత లోంచి లోపల పడింది, దాన్ని వెతుక్కుంటూ దిగిన కాపరికి లింగం కనిపించింది, ఆవు క్షేమం. వ్యాఖ్యాత ఓటు ఆవుకే. దానికి తేదీతో పేచీ లేదు, పైగా కాపరి లోపలికి దిగింది తప్పిపోయినదాన్ని వెతకడానికి, ఫొటోకి కాదు.

గుహలో ఉండగా ఆమె అడుగున తడి మెట్ల మీద జారకుండా కర్త చెయ్యి పట్టుకుందని, ఆయన వెలుతురు పడే చోట ఆగి నలభై ఫొటోలు తీశాడని, వాటిలో ఆమె ఉన్నవి రెండని మౌఖిక ప్రతి. ఆ రెండింట్లోనూ భుజాన ఫ్లాస్కు ఉంది.

‘ఇద్దరి మనసులూ ఒకటైతే.’ దీనికి వ్యాఖ్యాత ఏమీ రాయలేదు. ఒక మనసు ఇద్దరి పనీ చేయడం గురించి పైన చాలినంత వచ్చింది.

ఈ వ్యాఖ్యని మేనమామగారు మంగళవారం మధ్యాహ్నం గ్రూపులో పెట్టారు. కర్త చెల్లెలు నవ్వే బొమ్మలు వరస పెట్టింది. కర్త తల్లిగారు బొంగు చికెన్ దగ్గర ఆగిపోయి, తక్కింది చదివినట్టు లేరు. మేనకోడలు ఒక దణ్ణం పెట్టి వదిలేసింది. కర్త మాత్రం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక నిదానంగా జవాబిచ్చాడు: “చాలా బాగుంది మావయ్యగారూ. మీ పాండిత్యానికి నమస్కారం. వచ్చే శనివారం రెండో అర బిగిస్తున్నాం, రండి.”

“వస్తాను, రసమట్టం నేనే తెస్తాను,” అని రాసి, మేనమామగారు ఇంకో ప్రశ్న వేశారు. “సంక్రాంతికి తెనాలి టికెట్లు ఎవరు తీస్తున్నారు అల్లుడూ?”

“ఇంకా రెండు నెలలుంది కదండీ మావయ్యగారూ.”

భోగి ముందురోజు రైళ్లకి బుకింగ్ తెరిచి అప్పటికి మూడో రోజు. స్లీపర్‌లో వెయిటింగ్ లిస్టు నడుస్తోంది.